పదకొండో నంబరు బీన్స్

మార్చి 4, మంగళవారం

పాత నోటుబుక్కు నిండిపోయింది. ఇది కొత్తది.

పట్నంలో మా కూరగాయలు అమ్మే దుకాణం వాళ్లు గోడకి తగిలించుకోవడానికి మా పని గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారట. అక్క ఆ పని నాకు అప్పజెప్పింది. ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను.

"ముప్పై కిలోమీటర్ల లోపల ఇరవై ముగ్గురు రైతులం. రసాయన ఎరువు వేయం, పురుగుమందు కొట్టం. ఒకరి పొలం ఇంకొకరు వెళ్లి చూసి సంతకం పెడతాం. మంగళవారం, శుక్రవారం కోత షెడ్డుకి వస్తుంది. అక్కడ తూచి, ఏరి, ప్రతి క్రేటుకీ పండించినవారి నంబరు చీటీ కడతాం. మీ చేతిలో ఉన్నది ఎవరు పండించారో మీరు అడగవచ్చు. మేం చెప్పగలం."

చివరి రెండు వాక్యాలు బాగా కుదిరాయి. అక్క చదివి, "చూశావా, నీకు తప్ప ఇంకెవరికీ రాదు ఇలా రాయడం," అంది. ఆర్డర్లు తీసుకోవడం, దుకాణాలతో మాట్లాడటం, ఎవరు ఎంత కోయాలో రైతులకి చెప్పడం అంతా అక్కే. రాత పని మాత్రం మొదటినుంచీ నాదే. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని రిజిస్టరు ఎప్పుడూ తను ముట్టుకోదు.

ఇవాళ షెడ్డు తాళం తీసేసరికే తూకం బల్ల పక్కన ఆరు క్రేట్ల బీన్స్ ఉన్నాయి. ఫోన్ చేస్తే, "బీన్స్ పెద్దాయన తెల్లారకముందే తెచ్చాడే, నేనే తలుపు తీశాను. పదకొండు నంబరు కట్టేయ్," అంది అక్క. కట్టాను. ఎంత బాగున్నాయో. అన్నీ ఒకే పొడుగు, కొలిచి కోసినట్టు. పెద్దాయన మామూలుగా తెచ్చే బీన్స్‌లో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఈ వయసులో ఆయనకి చెయ్యి తిరిగింది.

మార్చి 7, శుక్రవారం

మళ్లీ ఆరు క్రేట్లు, మళ్లీ నాకంటే ముందే. ఏరుతుంటే వేళ్లకి చల్లగా తగిలాయి. మంచు పడి ఉంటుంది.

మార్చి 8

మంచు పడే రోజులు కావు ఇవి. చెట్ల నీడలో పెట్టి తెచ్చాడేమో.

మార్చి 11, మంగళవారం

ఆరు.

మార్చి 12

మా ఆయన భోజనం చేస్తూ ఏదో మాటల్లో బీన్స్ పెద్దాయన మోటారు సంగతి ఎత్తారు. ఫిబ్రవరి ఆఖర్లోనే కాలిపోయిందట. ఇంకా మా మోటార్ల వర్క్‌షాపులోనే విప్పి పెట్టి ఉందట, రాగి తీగ దొరక్క.

"మరి నీళ్లెలా పెట్టుకుంటున్నాడు?" అన్నాను.

"పెట్టుకోవట్లేదు. రోజూ వచ్చి బల్ల మీద కూర్చుని మోటారు వంక చూసి వెళ్తాడు, ఆసుపత్రిలో మనిషిని చూడ్డానికి వచ్చినట్టు."

ఆ పొలంలో ఆకులు, గడ్డి మందంగా పరిచి ఉంటాయి. జనవరిలో నేనే వెళ్లి చూసి సంతకం పెట్టాను. వేలు పెడితే కింద తడి ఉంది. అలా పరిచిన నేలలో తేమ చాలా రోజులు నిలుస్తుంది. రెండు వారాలు నిలవొచ్చు.

మార్చి 14, శుక్రవారం

అక్కని అడిగాను. 

"పెద్దాయన మోటారు కాలిపోయిందట. ఈ బీన్స్ ఎలా కాస్తున్నాయి?"

అక్క ఫోన్ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "పక్క పొలంవాడు నీళ్లిస్తున్నాడు. నీకెందుకే ఈ అనుమానాలు? సరిగ్గా నిద్ర పోతున్నావా అసలు? కళ్లు చూడు ఎలా పీక్కుపోయాయో." పక్క గదిలోకి వెళ్లి టీ పెట్టుకొచ్చి ఇచ్చింది. నా టీలో చక్కెర ఎంతో తనకి తెలుసు.

నాకు సిగ్గేసింది. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, అక్కకి పదిహేడు. నా జడ వేయడం కోసం తను కాలేజీకి ఆలస్యంగా వెళ్లేది. మా ఆయన వర్క్‌షాపు కొన్నాళ్లు మూతపడ్డ ఏడాది నాకు ఈ షెడ్డులో పని ఇచ్చింది తనే. అలాంటి మనిషిని పోలీసులా నిలబెట్టి అడిగాను.

పక్క పొలంవాడు నీళ్లిస్తున్నాడు. అంతే.

మార్చి 18, మంగళవారం

వ్యాను డ్రైవరు క్రేట్లు ఎక్కిస్తూ, "ఈ బీన్స్‌కి ప్రయాణాలంటే ఇష్టం చెల్లెమ్మా. పొద్దున్నే పట్నం నుంచి వస్తాయి, పదింటికి మళ్లీ పట్నం పోతాయి," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన ఎప్పుడూ అంతే, నవ్వకుండానే హాస్యమాడతాడు.

మార్చి 26

దుకాణం వాళ్లు మా సరుకు పరీక్షకి పంపారట. ఏడాదికోసారి పంపుతారు, ఎప్పుడూ ఏమీ రాదు. ఈసారి బీన్స్‌లో పురుగుమందు తేలింది. పదకొండో నంబరు క్రేటు.

అక్క గొంతు ఫోన్లో మామూలుగానే ఉంది. "శుక్రవారం కోత దించాక ఎవరినీ వెళ్లనివ్వకు. మీటింగు పెట్టాలి. రిజిస్టరు దగ్గర పెట్టుకో."

మార్చి 28, శుక్రవారం

ఇరవై రెండు మంది, అక్క, నేను. పెద్దాయనకి కబురు పంపితే సైకిల్ మీద వచ్చాడు, విషయం తెలియకుండానే. రెండు సొరకాయలు కూడా తెచ్చాడు, అందరితో టీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడానికి పిలిచారనుకున్నాడో ఏమో.

అక్క నిలబడి మాట్లాడింది. తొమ్మిదేళ్లు కలిసి నడిచిన మనిషి ఇలా చేస్తాడని కలలో కూడా అనుకోలేదంది.  కళ్లలో నీళ్లు నిజంగానే ఉన్నాయి, నేను పక్కనే ఉన్నాను.

పెద్దాయన నెమ్మదిగా లేచాడు. "నేను ఈ నెల బీన్స్ తేలేదమ్మా. మోటారు కాలిపోయింది. పాదులు ఎండిపోయాయి."

"రిజిస్టర్లో ఉంది," అంది అక్క.

ఎవరో రిజిస్టరు తీసి చదివారు. నాలుగో తారీఖు, పదకొండో నంబరు, ఆరు క్రేట్లు. ఏడు, పదకొండు, పధ్నాలుగు. వరసగా ఉన్నాయి. నా రాతే.

పెద్దాయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. ఇప్పుడే అంతా సర్దుకుంటుందన్నట్టు. "నువ్వు చెప్పమ్మా. తూచేది నువ్వే కదా. ఆ రోజుల్లో నేను ఇక్కడికి వచ్చానా?"

అందరూ నన్నే చూశారు. అక్క చూడలేదు. కిటికీలోంచి వ్యాను వైపు చూస్తోంది.

"రిజిస్టర్లో ఉంది బాబాయ్," అన్నాను.

ఆయన ఇంకేమైనా అంటానేమోనని చూశాడు. తర్వాత సొరకాయల సంచి అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. సైకిల్ స్టాండు తీయడానికి రెండుసార్లు తన్నాల్సి వచ్చింది.

సంఘం జాబితాలోంచి పదకొండో నంబరు కొట్టేశారు. చేతులెత్తమంటే నేను కూడా ఎత్తాను.

మార్చి 29

ఏమీ రాయాలని లేదు.

మార్చి 31

నేను అబద్ధం చెప్పలేదు. రిజిస్టర్లో ఉందన్నాను. ఉంది కదా.

ఏప్రిల్ 1, మంగళవారం

రిజిస్టర్లో ఉంది. ఉంది కాబట్టి ఉందన్నాను.

ఇవాళ బీన్స్ ఆరు క్రేట్లు వచ్చాయి. నాకంటే ముందే. "పదహారో నంబరు కట్టు," అంది అక్క.

ఏప్రిల్ 3

ఉండలేక పెద్దాయన పొలానికి వెళ్లాను. ఆయన గేటు దగ్గర నిచ్చెన వేసుకుని మా సంఘం బోర్డు మేకులు పీకుతున్నాడు. కింద ఆయన భార్య నిచ్చెన పట్టుకుని ఉంది. ఇద్దరూ నన్ను చూశారు, ఎవరూ రమ్మనలేదు.

నేనే లోపలికి వెళ్లాను. బీన్స్ పాదులు కర్రలకి అంటుకుని ఎండిపోయాయి. ఆకు పట్టుకుంటే పొడైంది. ఒక్క కాయ లేదు. ఈ పాదులు ఎండి నెల కావస్తోందని చిన్న పిల్లాడైనా చెబుతాడు. పక్క పొలం చూశాను. అది బీడు. అక్కడ నీళ్లిచ్చే మనిషే లేడు.

వెనక్కి వస్తుంటే పెద్దాయన నిచ్చెన దిగాడు.

"తొమ్మిదేళ్ల కిందట నేను మందు మానేస్తే చుట్టుపక్కల అందరూ నవ్వారమ్మా. మొదటి రెండేళ్లు పంటంతా పురుగే తింది. ఈవిడ చేత్తో ఏరేది ఒక్కొక్క పురుగునీ." భార్య వైపు చూపించాడు. "దొంగతనం చేశానన్నా ఇంత బాధ ఉండేది కాదు. మందు కొట్టానన్నారు."

"బాబాయ్, నేను..."

"నువ్వు రాసింది చదివారంతే. వెళ్లమ్మా, ఎండ ముదురుతోంది."

ఆయన భార్య ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను దాటి వెళ్లేవరకూ నిచ్చెన వదల్లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

తెల్లవారుజామున నాలుగున్నరకి వ్యాను డ్రైవరు ఇంటి ముందు నిలబడ్డాను. "నేనూ వస్తాను," అన్నాను. ఆయన ఎక్కడికని అడగలేదు. పక్క సీటు మీద ఉన్న తువ్వాలు తీసి చోటు చేశాడు.

పట్నంలో పెద్ద మార్కెట్టు, వెనక గేటు. శీతల గిడ్డంగి తలుపు తెరిస్తే తెల్లగా ఆవిరి వచ్చింది. లోపలనుంచి బీన్స్ తెచ్చి మా ఆకుపచ్చ క్రేట్లలో పోశారు. చెయ్యి పెట్టాను. ఆ చల్లదనమే.

కొట్టతను నన్ను చూసి, "మీరు చెల్లెలుగారా? పోలికలున్నాయి," అన్నాడు.

"ఎన్నాళ్లుగా తీసుకుంటోంది అక్క?"

"రెండేళ్లు దాటిందండి. క్యారెట్, కీర, ఏది తక్కువైతే అది. మీ అక్కగారు చాలా పద్ధతైన మనిషి. లెక్కలు, రాతలు అన్నీ చెల్లెలే చూసుకుంటుందని అంటూ ఉంటారు."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో అడిగాను, "నాకెందుకు చెప్పలేదు?" అని.

"చెప్పాను చెల్లెమ్మా. నువ్వు నవ్వావు," అన్నాడు డ్రైవరు.

ఏప్రిల్ 5

అక్క ఇంటికి వెళ్లాను. వంటగదిలో ఉంది. చేతులు తుడుచుకుంటూనే నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"మార్కెట్టుకి వెళ్లావట."

"అబద్ధమని చెప్పు అక్కా. నమ్ముతాను."

అబద్ధమని అనలేదు. స్టవ్వు కట్టేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. అలిసిపోయిన మనిషిలా చెప్పడం మొదలుపెట్టింది. దుకాణాలకి వారం వారం అంతే సరుకు కావాలి. వాన లేదన్నా, తెగులు వచ్చిందన్నా వినరు. రెండు వారాలు లేదంటే ఇంకొకళ్ల దగ్గరికి పోతారు. పట్నంలో మూడు వందల ఇళ్లకి కూరగాయల పెట్టెలు పంపుతున్నాం, పెట్టెలో నాలుగు రకాలే ఉంటే వాళ్లూ మానేస్తారు. అప్పుడు ఇరవై ముగ్గురూ పురుగుమందుల కొట్టు దగ్గర వరస కట్టాల్సిందే.

"కాస్త కలిపాను. పదింట ఒక వంతు. మిగతా తొమ్మిది వంతుల్ని బతికించడానికి. నువ్వైతే ఏం చేసేదానివి?"

 ఇప్పటికీ నాకు తెలియదు.

"సరే. పెద్దాయన్ని ఎందుకు బలి పెట్టావు?"

"ఎవరో ఒకరి నంబరు వేయాలి కదా. ఆయనకి పిల్లల్లేరు. పది మందినీ వెంటేసుకుని వచ్చి అడిగేవాళ్లు లేరు." మామూలుగా చెప్పింది, కూరకి ఏ గిన్నె పెట్టాలో చెప్పినట్టు.

"నేను అందరికీ చెబుతాను."

అప్పుడు అక్క నన్ను ఒక రకంగా చూసింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు.

"చెప్పు. రిజిస్టరు తీసుకెళ్లి చూపించు. రెండేళ్లలో ప్రతి చీటీ నీ చేత్తో రాసిందే. నా అక్షరం ఒక్కటి ఎక్కడైనా ఉంటే వేలు పెట్టి చూపించు."

ఎలా ఇంటికొచ్చానో గుర్తు లేదు.

ఏప్రిల్ 6

ముత్యాల్లాంటి అక్షరాలు.

ఏప్రిల్ 7

రెండేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడే అనుకుందా ఆ మాట, లేక మొన్న వంటగదిలో అప్పటికప్పుడు నోటికొచ్చిందా. కోపంలో అని ఉంటుంది. కోపంలో మనిషి ఏదైనా అంటాడు.

కానీ తనకి కోపం రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని అంది.

ఏప్రిల్ 9

మా ఆయనతో అంతా చెప్పాను. మొదటినుంచి చివరిదాకా, చెయ్యెత్తిన సంగతి కూడా.

ఆయన లేచి వెళ్లి వర్క్‌షాపు చీటీల కట్ట తెచ్చారు. అందులోంచి ఒకటి తీసి నా ముందు పెట్టారు. పెద్దాయన మోటారు అప్పగించిన తేదీ, ఫిబ్రవరి ఇరవై ఐదు. బాగుచేసి ఇచ్చిన తేదీ, మార్చి ముప్పై.

"ఇది నీకు చూపిద్దామని మీటింగు రోజునుంచీ అనుకుంటున్నాను," అన్నారు. "నువ్వు అడుగుతావని చూశాను. మీ అక్కచెల్లెళ్ల మధ్య నేను దూరితే రేపు మీరిద్దరూ ఒకటవుతారు, నేను చెడ్డవాణ్ణవుతాను."

"మీరు కూడానా," అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. చీటీ తీసుకుని ఈ నోటుబుక్కులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

సంఘం కాగితాల్లో ఎవరైనా మీటింగు పిలవొచ్చని ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ పిలవలేదు. నేను పిలిచాను. పెద్దాయనకి కబురు పంపాను, ఆయన రాలేదు.

తూకం బల్ల పట్టుకుని నిలబడ్డాను. మోటారు చీటీ చదివాను. మార్కెట్టు సంగతి చెప్పాను. బీన్స్ చల్లగా ఉన్నాయని మొదటి వారమే నాకు తెలుసని, తెలియనట్టు ఉన్నానని చెప్పాను. ఆ రోజు పెద్దాయన అడిగినప్పుడు నేను ఆయన్ని చూడలేదని, అయినా చూసినట్టే మాట్లాడానని చెప్పాను.

అక్క లేచి నా భుజం మీద చెయ్యి వేసింది. "మా చెల్లికి ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదు. నిద్ర లేదు. ఏదో పెట్టుకుని ఏదో మాట్లాడుతోంది. నేను ఇంటికి తీసుకెళ్తాను," అంది, ఎంతో ప్రేమగా. ఆ చెయ్యి బరువు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒక్క క్షణం వెళ్లిపోదామనే అనిపించింది.

తలుపు దగ్గర నిలబడ్డ వ్యాను డ్రైవరు, "ఆమెకి బాగానే ఉందండీ. క్రేట్లు మోసింది నేనే," అన్నాడు.

అరుస్తారనుకున్నాను. గొడవ అవుతుందనుకున్నాను. ఎవరూ అరవలేదు. అందరూ నేల చూపులు చూశారు. ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాను, అప్పుడు అర్థమైంది. కీర పండించే అన్నదమ్ములకి తెలుసు. పదహారో నంబరు ఆమెకి ముందే తెలుసు. ఇంకా ఐదారుగురికి తెలుసు. షెడ్డుకి వచ్చిన ప్రతిసారీ తాము తేని కీర క్రేట్లు వాళ్ల కళ్లముందే ఉండేవి కదా. తమ సరుకు ఆగకుండా పోతోంది కాబట్టి అడగలేదు.

క్యారెట్లు పండించే ఆవిడ మాత్రం నా ముందుకొచ్చి నిలబడింది. ఆమెకి తెలియదు. మొహం ఎర్రగా ఉంది.

"పెద్దాయన నిన్నే కదా అడిగాడు. ఆ రోజు నీ నోరేమైంది?"



"చెయ్యెత్తించావు నా చేత కూడా," అని బయటికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 13

మూడు వందల ఇళ్లకి ఉత్తరం రాశాను. మొదటి వాక్యం: "పదకొండో నంబరు రైతు ఏ తప్పూ చేయలేదు." తర్వాత మిగతాదంతా. కింద నా పేరు ఒక్కటే పెట్టాను. దుకాణాలకి కూడా అదే పంపాను.

పంపాక పేపరు మీద తల పెట్టి పడుకున్నాను. ఏడుపు రాలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

దుకాణాలు రెండూ వద్దన్నాయి. ఇళ్లలో నూట పది మిగిలాయి.

అక్క పదమూడు మందిని తీసుకుని వెళ్లిపోయింది. బస్టాండు వెనక వేరే షెడ్డు తీసుకుందట, కొత్త పేరు పెట్టిందట. కీర అన్నదమ్ములు ఆ వైపే. వెళ్తూ రెండో తాళంచెవి తూకం బల్ల మీద పెట్టి వెళ్లింది, నేను లేని సమయం చూసి.

ఇక్కడ తొమ్మిది మంది రైతులు, నేను. క్యారెట్ ఆవిడ ఉంది. నాతో మాట్లాడదు, కానీ ఉంది.

ఏప్రిల్ 22

తొమ్మిది మందీ, నేనూ కలిసి పెద్దాయన ఇంటికి వెళ్లాం. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఉత్తరం సంగతి అప్పటికే తెలుసు. భార్య రెండుసార్లు చదివి వినిపించిందట.

మళ్లీ రమ్మని అడిగాం.

"మీ మీద కోపం లేదు," అన్నాడు. "అందరూ ఒకేసారి చేతులెత్తడం చూశాను. మళ్లీ ఆ గదిలో కూర్చోవాలంటే అదే కనబడుతుంది."

పట్నం నుంచి కొందరు నేరుగా ఆయన గేటు దగ్గరికే వచ్చి కొంటామన్నారట. మోటారు తిరుగుతోంది. కొత్త విత్తనం పెట్టాడు. వచ్చేటప్పుడు ఆయన భార్య మొదటిసారి నాతో మాట్లాడింది. "నువ్వు మళ్లీ మళ్లీ రానక్కర్లేదు," అంది. కటువుగా అనలేదు. నిజంగానే వద్దంది.

మే 2, శుక్రవారం

ఉన్నదే పెట్టెలో పెడుతున్నాం. ఈ వారం మూడు రకాలు. నిన్న ఒకావిడ ఫోన్ చేసి, "ఇంతేనా?" అంది. "ఇంతేనండి," అన్నాను. ఆవిడ కాసేపాగి, "సరే, పంపండి," అంది.

ఇంకో ఆరు ఇళ్లు మానేశాయి.

మే 9, శుక్రవారం

వ్యాను మరమ్మత్తుకి ఇచ్చాం కాబట్టి పట్నానికి బస్సులో వెళ్దామని స్టాపుకి వచ్చాను. వాన పట్టుకుంది. రేకు కింద అక్క ఒక్కతే నిలబడి ఉంది.

వెనక్కి తిరిగి వెళ్లిపోయేదాన్ని. తను చూసేసింది. అలవాటుగా పక్కకి జరిగి చోటిచ్చింది. వెళ్లి నిలబడ్డాను. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ. జుట్టుకి రంగు వేసుకోవడం మానేసింది. చేతిలో ఆర్డర్ల పుస్తకం, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది.



"తిన్నావా?" అంది, రోడ్డు వైపే చూస్తూ.

ఈ నెలరోజులూ తనని ఏమేం అడగాలో వంద అనుకున్నాను. స్నానం చేస్తూ, కూరలు ఏరుతూ పైకే అనుకున్నాను. ఒక్కటీ రాలేదు. తిన్నావా అని నన్ను అడిగే మనిషి ఈ లోకంలో తను ఒక్కతే ఉన్న రోజులు గుర్తొచ్చాయి. అది నిజమే. రిజిస్టరు తీసుకెళ్లి చూపించమన్నదీ నిజమే. రెండూ ఈ మనిషే.

"తిన్నాను," అన్నాను. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

తల ఊపింది. బస్సు వచ్చింది. అక్క ఎక్కి, మెట్టు మీద ఆగి, నేను వస్తానేమోనని వెనక్కి చూసింది. నేను వెళ్లాల్సిన బస్సూ అదే.

కదల్లేదు. తలుపు మూసుకుంది.

తర్వాతి బస్సుకి గంట పట్టింది.